చుట్టపు బండి

నీళ్ళు ఎంత ఇంకుతాయో చూసే ఇంకుముల్లును మడమతో నొక్కి నేలలోకి దించి, దాని మొదట్లో హేమసుందరి ఒక గిన్నెడు నీళ్ళు పోసింది. నీళ్ళు ఒకసారి మెరిసి లోపలికి పోవాలి. పోలేదు. గరిక పోచల మధ్య అలాగే నిలబడిపోయాయి.

"వాన పడిందా మాస్టారూ?" అని అడిగింది.

వరండాలో కూర్చున్న చరణ్‌తేజ మాస్టారు కళ్ళద్దాలు సవరించుకున్నారు. "నిన్న పడింది కదమ్మా. అందుకే నేల తడిమీదున్నాది."

"కొండ మొత్తం మీద ఎక్కడా చినుకు లేదు. మీ ఇంటి మీదే పడిందా?"

హేమసుందరి వంగి గరికను రెండు చేతులతో పట్టుకుని లాగింది. చాప లేచినట్టు లేచింది. కింద రెండు నల్లరాతి పలకలు, వీధి అంచునుంచి గుమ్మందాకా, చక్రాల వెడల్పుకు సరిగ్గా సరిపోయేలా పరిచి ఉన్నాయి. గరిక వేళ్ళను కొబ్బరిపీచుతో కలిపి అల్లిన తీరు చూసి ఆమెకు కోపం రాలేదు సరికదా, నవ్వొచ్చింది.

"మీరే అల్లారా?"

"మరే. బండి వచ్చినప్పుడల్లా చక్రాల మట్టి గుమ్మం దాకా వస్తాదని మా ఆవిడ గోల. బండికి చెప్పలేను, వానకి చెప్పలేను, ఆవిడకి అసలే చెప్పలేను. ఏటి చెయ్యమంటారు?"

"పలకలు తీయించేయండి. గరిక మాత్రం పారేయకండి, చాలా బాగా అల్లారు."

ఊళ్ళో ఏ బండి ఎక్కడ నిలవాలో లెక్క చూసే యంత్రం నిలవరి, చెవిపూసలోంచి పలికింది. దానికి ఎప్పుడూ ఒకటే గొంతు, తొందర లేని గొంతు. "ఉల్లంఘన నమోదు చేయనా?"

"సవరణలో ఉందని రాయి."

"సవరణలో ఉంది," అని ఒప్పుకుని నిలవరి ఊరుకుంది.

వాకిళ్ళు తనిఖీ చేసే ఈ ఉద్యోగమంటే హేమసుందరికి ఇష్టం. పొద్దున్నే విశాఖ కొండవాలు వీధుల్లో నడవడం, వాకిళ్ళలో నేల మెత్తదనాన్ని కాలితోనే పోల్చుకోవడం, ఎవరింట్లో ఏం వండుతున్నారో వాసనబట్టి తెలుసుకోవడం ఆమెకు పనిలా అనిపించదు. పైగా చట్టం మీద ఆమెకు నమ్మకం ఉంది. బళ్ళు తేలిన ఏడు ఆమె చిన్నపిల్ల. అప్పట్లో ఈ కొండ మీద ప్రతి ఇంటి ముందూ బండి కోసం సిమెంటు పోసి ఉండేది. ఒక మధ్యాహ్నం మొదలైన వాన తెరిపివ్వలేదు. ఇంకడానికి చోటులేని నీళ్ళు వాకిలినుంచి వాకిలికి దూకుతూ, దారిలో నిలిపిన బళ్ళనన్నిటినీ మోసుకుని దిగువ కాలనీల మీద పడ్డాయి. తండ్రి భుజం మీద కూర్చుని ఆమె చూసిన ఆ దృశ్యంలో, కార్లు ఒకదాని వీపు మీద ఒకటి ఎక్కి నెమ్మదిగా తిరుగుతున్నాయి. వాటి దీపాలు ఇంకా వెలుగుతూనే ఉన్నాయి.

ఆ తర్వాత వాకిలి చట్టం వచ్చింది. వాకిలి వానది. బండి మనుషులను దించి, సామాను దించి వెళ్ళిపోవాలి. నిద్రపోవడానికి దానికి వేరే చోటుంది. పాత రాతిక్వారీని తొలిచి కట్టిన బళ్ళగుహలో వరసలు వరసలుగా, గబ్బిలాల్లాగా వేలాడుతూ ఉంటాయి బళ్ళు. పిలిస్తే వస్తాయి. ఇంటికి ఇంకొకరి బండి వస్తే ఒక పగలూ ఒక రాత్రీ నిలుపుకోవచ్చు, దాన్ని అతిథి గడువంటారు. కానీ బళ్ళు వాటంతటవే వచ్చిపోయే కాలంలో ఎవరు నిలుపుకుంటారు? వాడుకోని ఆ గడువంతా నిలవరికి మిగులుగా జమపడుతుంది. ఆ మిగులులోనే అది ఖాళీ బళ్ళను కాసేపు ఈ వాకిట్లో, కాసేపు ఆ వాకిట్లో ఆపి ఉంచుతుంది. అందుకే మనిషి చెప్పులు వేసుకునేలోగా బండి గుమ్మం ముందుంటుంది.

"తర్వాతిది కొండవాలు ఆరో వీధి," అంది నిలవరి. "సొంత వాకిట్లో కదలకుండా ఉన్న మొద్దుబండి. హెచ్చరికల గడువు ముగిసింది. మీరు తొలగింపు ముద్ర వేస్తే ఎత్తుడుబండి మధ్యాహ్నానికి వస్తుంది."

ఆరో వీధి హేమసుందరి ఉండే వీధికి ఎగువనే ఉంది. రోజూ పోయే దారి కాదు కాబట్టి ఆ బండిని ఆమె ఎప్పుడూ చూడలేదు. చూడగానే నిలబడిపోయింది. చేనడక బండి. లోపల చక్రం ఉండి, మనిషి కూర్చుని తిప్పితే తిరిగే రకం. ఊళ్ళో అలాంటివాటిని నడపనివ్వడం మానేసి చాలా ఏళ్ళయింది. నీలం రంగు వ్యాను, తలుపు మీద రంగు పెచ్చులూడినా అద్దాలు మాత్రం ఆ పొద్దునే తుడిచినట్టున్నాయి. చక్రాల్లో గాలి తగ్గి కాస్త కుంగి ఉంది. దాని పొట్ట కింద గరిక పసుపురంగు తిరిగింది. ముల్లు దింపి చూస్తే నేల గట్టిపడి ఉంది.

గుమ్మంలోకి వచ్చిన ఆవిడ పేరు లాస్య. అరవై దాటి ఉంటాయి. ఆ తరంవాళ్ళకి అలాంటి పేర్లే ఉంటాయి. హేమసుందరి చేతికున్న పచ్చపట్టీ చూసి ఆవిడకు విషయం అర్థమైంది.

"ముద్ర వెయ్యడానికేనా అమ్మా వచ్చేరు?"

"అవునండీ. నేల చచ్చిపోతోంది."

"తెలుసు. ఆ ఏడు నేనూ చూసేను. ఇక్కడ ఇంకకపోతే కిందోళ్ళ గతేటని నాకూ ఉంటాది. మీ తప్పేం లేదు." ఆవిడ ఒకసారి లోపలికి చూసింది. "ఒక్కసారి మా ఆయన్ని చూసి వెయ్యండి. ఇప్పుడు ఆయన బండిలో కూర్చునే వేళే."

లోపలినుంచి ఆవిడ భర్త ధీరజ్‌ను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. పొడుగాటి మనిషి. కుడికాలు ఈడుస్తున్నాడు. హేమసుందరిని చూసి తలవంచి, "అదే," అన్నాడు మర్యాదగా.

"నమస్కారమండీ," అంది హేమసుందరి.

"అదే. అదే," అన్నాడాయన. కళ్ళలో ఏదో చెప్పాలన్న ఆరాటం ఉంది. నోట్లోంచి మాత్రం అదే మాట వచ్చింది.

"పక్షవాతం వచ్చినకాణ్ణించి అదొక్క మాటే," అంది లాస్య. "ఆకలైనా అదే, నొప్పైనా అదే. నన్ను పిలవాలన్నా అదే. రండి, మీరు వెనక సీట్లో కూర్చోండి."

హేమసుందరి వ్యాను ఎక్కింది. రెక్సిన్ సీట్ల వాసన, నూనె వాసన. లాస్య భర్తను ముందు సీట్లో కూర్చోబెట్టి, కాళ్ళు లోపలికి సర్ది, తలుపు వేసింది. ఆయన రెండు చేతులూ చక్రం మీద పెట్టాడు. కుడిచెయ్యి కాస్త ఆలస్యంగా వచ్చి చేరింది. అద్దం సవరించుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

"హనుమంతవాక, ఇసుకతోట, మద్దిలపాలెం, సత్యం జంక్షన్, గురుద్వారా, కంచరపాలెం, ఎన్నేడీ! ఎన్నేడీ! గోపాలపట్నం ఎవరైనా ఉన్నారా!"

వీధంతా వినబడేంత గట్టిగా, గుక్క తిప్పుకోకుండా అరిచాడు. హేమసుందరి సీటు అంచు పట్టుకుంది. ఆయన అద్దంలోంచి ఆమెను చూశాడు.

"ఎక్కడమ్మా?"

"కంచరపాలెం," అంది ఆమె.

"లోపలికి జరగండి. ఇంకా జనం ఎక్కుతారు." ఆయన చక్రాన్ని కొద్దిగా తిప్పాడు. "కంచరపాలెం మెట్టు దగ్గర దింపనా, మార్కెట్ కాడా?"

"మార్కెట్ దగ్గర."

"ఎండగా ఉన్నాది. గొడుగు తేలేదా?"

కిటికీ పక్కన నిలబడ్డ లాస్య కొంగుతో ముఖం ఒత్తుకుంది, కానీ నవ్వుతూనే ఉంది. "ఒకప్పుడు ఈ వ్యాన్లోనే జనాన్ని తిప్పేవారు. ఇందులో కూర్చుంటే రోజుకొక మాట ఎక్కువొస్తన్నాది," అంది. "మొన్న కిందికి దిగినాక కూడా నీళ్ళన్నారు. కింద, మెట్టు మీద నిలబడి. ఆ మాట వినడానికి నాకు ఏడాది పట్టింది."

వ్యాను దిగాక హేమసుందరి గోడ నీడకు వెళ్ళి నిలవరితో మాట్లాడింది.

"వైద్య మినహాయింపు ఇవ్వలేమా?"

"వైద్య వాహనం కదలాలి. ఇది కదలదు."

"అయితే వైద్య సామగ్రి అనుకో."

"ఆమోదిత సామగ్రిలో వ్యాను లేదు. చేర్చమని వైద్యులు కోరవచ్చు. వాటిని ఆమోదించే సంఘం వానాకాలం దాటాక సమావేశమవుతుంది."

"అప్పటిదాకా బళ్ళగుహలో ఉంచితే?"

"గుహలో చోటు కదిలే బళ్ళకే. తొలగించిన బండిని విడదీస్తారు. మరొక మార్గం సూచించనా? సీటునూ చక్రాన్నీ విప్పి ఇంటిలోపల అమర్చుకోవచ్చు."

హేమసుందరి ఆ మాటే లాస్యను అడిగింది. ఆవిడ తల అడ్డంగా ఊపింది. "ఆస్పత్రోళ్ళు అలాటిదే ఒకటి తెచ్చి హాల్లో పెట్టేరమ్మా. కూర్చోబెట్టేం. గోడవైపు చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. దానికి అద్దంలో జనం కనబడరు కదా."

వీధిలోకి చూస్తూ నిలబడింది హేమసుందరి. చట్టం తప్పని ఆమెకు ఇప్పటికీ అనిపించడం లేదు. పసుపురంగు గరిక తన కళ్ళ ముందే ఉంది. ముద్ర వేస్తే నేల బతుకుతుంది. ఆయన నోట్లోని మాటలు వ్యానుతోపాటు ముక్కలైపోతాయి. వెయ్యకపోతే రేపు ఇంకొకరు వచ్చి వేస్తారు. ఆమె పచ్చపట్టీని వేళ్ళతో తిప్పుతూ ఉండిపోయింది. ఎదురింటి ముందు ఒక ఖాళీ బండి వచ్చి ఆగింది, కాసేపుండి వెళ్ళిపోయింది. ఆ ఇంటి అతిథి గడువులోంచి నిలవరి కాస్త వాడుకుంది, అంతే.

"నిలవరీ, ఈ వ్యాను మా ఇంటి వాకిట్లో ఉంటే దాన్నేమంటావు?"

"మీ ఇల్లు దాని ఇల్లు కాదు. అక్కడ అది అతిథి."

"ఇక్కడుంటే మొద్దుబండి, మా ఇంట్లో ఉంటే అతిథి."

"అవును. అయితే అది మీ ఇంటికి రావాలి. చేనడక బళ్ళను రోడ్డు మీద నడపకూడదు."

"నడపం. తోస్తాం. తోయకూడదని ఉందా?"

నిలవరి వెతుక్కుంది. "తోయడం గురించి నియమం లేదు. ఆ మాటే లేదు."

"అయితే అతిథిగా రాసుకో."

"అతిథిని నమోదు చేసేటప్పుడు ఇంటివారు విధుల్లో ఉండకూడదు. మీరు విధుల్లో ఉన్నారు. విధుల్లో ఉన్నవారు ఇక్కడ ముద్ర వేయాలి. రెండూ చేయలేరు."

హేమసుందరి చేతి పట్టీ విప్పి జేబులో పెట్టుకుంది. "సెలవు పెడుతున్నాను."

"కారణం?"

"ఇంటికి చుట్టాలొస్తున్నారు."

పద్నాలుగేళ్ళ ఉద్యోగంలో ఆ కారణంతో ఆమె ఒక్కసారి కూడా సెలవు పెట్టలేదు. చెప్పాక ఆమెకే విచిత్రంగా, హాయిగా అనిపించింది. బడి ఎగ్గొట్టినట్టుంది.

సంగతి విన్న లాస్య మొదట నమ్మలేదు. తర్వాత పరుగులాంటి నడకతో పక్కింటికి వెళ్ళింది. ఆ ఇంట్లో ఉండే గున్నమ్మ బడిలో పాఠాలు చెప్పే అమ్మాయి, ముప్ఫై ఏళ్ళు లేవు. ఎదురింటి అప్పలస్వామి సైకిలు పంపుతో వచ్చి చక్రాల్లో గాలి కొట్టాడు. చొక్కా తడిసి ముద్దయ్యేదాకా కొట్టాడు.

"వాలు కదా," అన్నాడు చెమట తుడుచుకుంటూ. "తొయ్యక్కరలేదు, పట్టుకోవాలి. బ్రేకులున్నాయా అసలు?"

అందరూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ముందు సీట్లోంచి ధీరజ్ ఎడమకాలితో పెడలు తొక్కి చూశాడు. మళ్ళీ తొక్కాడు. కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"పడతాయి," అన్నాడు.

ఆ మాట కొత్తది. లాస్య చటుక్కున ఆయన భుజం పట్టుకుంది, కానీ ఏమీ అనలేదు. అంటే ఆగిపోతుందేమోనన్నట్టు ఊరుకుంది.

వ్యాను వాకిలి దాటేటప్పుడు నేల ఒక మూలుగు మూలిగింది. వీధిలోకి రాగానే అది తనంతట తాను దొర్లడం మొదలుపెట్టింది. అప్పలస్వామీ గున్నమ్మా వెనక తాడు పట్టుకుని కాళ్ళు తన్నిపెట్టి ఆపుతున్నారు. హేమసుందరి పక్కన నడుస్తోంది. కొంచెం దూరం పోయాక ఆమెది నడక కాదు, పరుగు. మలుపు దగ్గరపడుతుంటే ఆమె కిటికీ అంచు గట్టిగా పట్టుకుంది. దిగువ నుంచి మూడు బళ్ళు ఎక్కి వస్తున్నాయి. వాటికి ఈ వ్యాను ఏమిటో తెలియదు. అది ఏ కబురూ పంపదు, ఏ కబురూ అందుకోదు.

ధీరజ్ కుడిచేతిని కిటికీలోంచి బయటికి చాచాడు. ఈడ్చుకుపోయే ఆ చెయ్యి నెమ్మదిగా, వణుకుతూ లేచి, అరచెయ్యి వెనక్కి తిప్పి ఒకసారి ఊగింది. ఆ సైగ ఏమిటో హేమసుందరికి తెలియదు. ఎదుటి బళ్ళకూ తెలియదు. కానీ మూడూ ఒకేసారి ఆగిపోయాయి. వ్యాను మలుపు తిరిగి, వేగం తగ్గించుకుని, హేమసుందరి ఇంటి వాకిట్లోకి వచ్చి, ఒక్క కుదుపైనా లేకుండా నిలబడింది.

అప్పలస్వామి తాడు వదిలేసి రోడ్డు మీదే చతికిలబడ్డాడు. "అంకుల్, మీరు మామూలోరు కాదు," అన్నాడు రొప్పుతూ.

ధీరజ్ నవ్వాడు. తలుపు తెరిచి, తనే కాలు కింద పెట్టుకుని దిగాడు. చుట్టూ చూశాడు. హేమసుందరి ఇంటి ముందు గన్నేరు చెట్టు, మెట్ల మీద ఎండబెట్టిన వడియాలు. లాస్యవైపు తిరిగాడు. పెదవులు రెండుసార్లు కదిలాయి, శబ్దం రాలేదు. మూడోసారి వచ్చింది.

"లాస్యా," అన్నాడు. "దాహం."

ఆవిడ మెట్టు మీద కూర్చుండిపోయింది. నీళ్ళు తేవడానికి గున్నమ్మే లోపలికి పరిగెత్తింది.

మధ్యాహ్నం ఎత్తుడుబండి ఆరో వీధికి వెళ్ళింది. ఖాళీ వాకిట్లో కొక్కెం దించి, ఎత్తడానికి ఏమీ దొరక్క అక్కడే నిలబడిపోయింది. నిలబడే గడువు దాటగానే నిలవరి దానికే హెచ్చరిక పంపింది. ఆ సంగతి గున్నమ్మ వీధంతా చెప్పి నవ్వింది. నవ్వుతూనే, "రేపు మా ఇంటికి పంపండక్కా," అని హేమసుందరిని అడిగింది. అప్పలస్వామి ఎల్లుండి తనకి కావాలన్నాడు. ఏటవాలు పైకి ఎలా తోస్తావంటే, పదిమంది దొరక్కపోరన్నాడు. సాయంత్రానికి రెండు వీధులవాళ్ళూ వచ్చి వ్యాను లోపలికి తొంగిచూశారు. కొందరు ఎక్కి కూర్చున్నారు. ఎక్కినవాళ్ళందరినీ ధీరజ్ ఎక్కడికని అడిగాడు. తప్పు పేరు చెప్పినవాళ్ళను ఈ బండి అటు పోదని దింపేశాడు కూడా.

ఒక్కొక్కరే తమ అతిథి గడువును వ్యాను పేర రాయించుకుంటుంటే నిలవరి మిగులు తరిగిపోతూ వచ్చింది. ఆ రెండు వీధుల్లో ఖాళీ బళ్ళు ఆగడానికి చోటు లేకపోయింది. అవి వీధి మొగలో, ఇంకా దిగువన చింతల సందులో, చివరికి బళ్ళగుహ ముందు వరసకట్టాయి. హేమసుందరి భర్త రామునాయుడు వీధి మొగలో దిగి ఇంటిదాకా నడిచి వచ్చాడు. వాకిట్లో వ్యానునూ, మెట్ల మీద జనాన్నీ చూసి గేటు దగ్గరే ఆగాడు.

"ఏమైంది? నన్ను అక్కడే దింపేసింది. ఇంటి ముందు చోటు లేదంది."

"చుట్టాలొచ్చారు," అంది హేమసుందరి.

"ఎవరూ?"

"లోపలికి రా, చెప్తాను. కాళ్ళు నొప్పా?"

"లేదు. నడిచి చాన్నాళ్ళయింది." అతను వ్యాను చుట్టూ ఒకసారి తిరిగి, బానెట్ మీద చెయ్యి వేసి చూశాడు. ధీరజ్ అద్దంలోంచి అతన్ని పిలిచాడు. రామునాయుడు ఎక్కాడు.

చెవిపూసను ఆమె తీసి బల్ల మీద పెట్టింది. అది అక్కడినుంచే పలికింది.

"అతిథి వాహనం నమోదులో ఒక వివరం మిగిలింది. అతిథి ఎప్పుడు బయలుదేరతారు?"

"గున్నమ్మ ఇంటికి రేపు."

"గున్నమ్మ ఇంటినుంచి?"

"అప్పలస్వామి ఇంటికి."

"చివరగా ఎప్పుడు వెళ్ళిపోతారు? అది తెలిస్తేనే మిగులును పంచగలను. ఈ రెండు వీధులూ కాక ఇంకా తొమ్మిది వీధులవారు వ్యాను తమ వాకిట్లోకి వస్తుందా అని అడుగుతున్నారు."

"చుట్టాన్ని ఎప్పుడు పోతావని అడగకూడదు నిలవరీ."

నిలవరి నియమాలన్నీ మళ్ళీ వెతుక్కుంది.

"ఆ గడి ఖాళీగా వదిలితే లెక్క తేలదు," అంది చివరికి.

"తేలకపోతే పోనీ. ఖాళీగా ఉంచు."

కిటికీలోంచి చూస్తే కొండమీద బళ్ళ దీపాలు అక్కడక్కడా ఆగి, కదిలి, మళ్ళీ ఆగుతున్నాయి. దారులవెంట మనుషులు తమ బళ్ళకోసం నడిచి వెళ్తున్నారు. కొందరు విసుక్కుంటున్నారు, కొందరు నిలబడి ఒకరినొకరు పలకరించుకుంటున్నారు. హేమసుందరి వంటింట్లోకి వెళ్ళి, ఎసట్లో పోయడానికి ఇంకో రెండు గ్లాసుల బియ్యం కడిగింది.